చీపురు పరాయివాని చేతికీయవచ్చునా?

కొట్టు నిండిపోయినప్పుడు ఏ వర్తకుడైనను మొదట సరకును చూచుకొనును. ఏది అమ్ముడుపోవునది, ఏది మూలబడినది, ఏది పాడైనది అని తన కంటితో చూచి, తన చేతితో వేరుచేసి, అటుపిమ్మటనే బయట పడవేయును. దారిన పోవు అపరిచితుని పిలిచి, తాళపుచెవి అతని చేతికిచ్చి, "నీకు చెత్తయని తోచినదెల్ల ఊడ్చివేయుము" అని చెప్పి ఇంటికి పోయి నిద్రించు వర్తకుని మేము ఇంతవరకు ఎరుగము. కాని చేతిలోని ఫోను విషయమున మనలో అనేకులు ఈ పనియే చేయుచున్నారు. మేమును చేసితిమి. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

"స్టోరేజి నిండిపోయినది" అను హెచ్చరిక నేడు బరంపురములో మన తెలుగువారి ఏ ఇంట చూచినను వినవచ్చు ఫిర్యాదే. ఇది మన ఊరికి మాత్రమే పరిమితమైనదియు కాదు. భారతదేశములో ఫోన్లు ఇంత త్వరగా ఎందుకు నిండుచున్నవని గూగుల్ సంస్థవారు ఆరా తీయగా, ప్రతి ఉదయము జనులు ఒకరికొకరు పంపుకొను శుభోదయపు బొమ్మలు ఒక ముఖ్యకారణముగా తేలినట్లు 2018 జనవరిలో అమెరికాలోని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ప్రకటించెను. పూలు, సూర్యోదయములు, దేవుళ్ల పటములు, వానిపై ఒక నీతివాక్యము! పంపినవారి ప్రేమను మేము శంకించుట లేదు. కాని ప్రేమకు కూడ చోటు కావలయును గదా.

ఇక మా అనుభవమును మనవి చేయుదుము. రెండేండ్ల క్రిందట మన సంఘము పక్షమున వృద్ధస్త్రీల నోటనున్న పెండ్లిపాటలు, మేలుకొలుపులు సేకరింపవలెనని తీర్మానించుకొంటిమి. మా పెద్దమ్మగారు పదునొకండు పాటలు పాడిరి. వానిని మా ఫోనులోనే రికార్డు చేసితిమి. ప్రతి తీయవలెనను ఊహ అందరికిని కలిగినది. ఎవరో తీసియుందురని ఎవరికి వారు ఊరకుండిరి. దసరా బేరముల రోజులలో చీరల ఫొటోలతో ఫోను నిండిపోయినది. మా కొట్టు గుమాస్తా ఒక క్లీనర్ యాప్‌ను చూపించెను. తెరపై ఎర్రని చక్రము తిరిగి, నాలుగు జీబీల చెత్త కలదని చెప్పినది. మీట నొక్కితిమి. చక్రము ఎర్రదనము పోయి పచ్చబడినది. మేమును సంతోషించితిమి.

నెల గడచిన పిమ్మట పాటలకై వెదకగా ఒక్కటియు లేదు. "పెద్ద ఫైళ్లు, చాలకాలముగా తెరువనివి" అను జాబితాలో అవి చేరినవి. మేము చదువక ఒప్పుకొంటిమి. పెద్దమ్మగారిచేత మరల పాడించుకొందమనుకొనుచుండగనే కార్తీకమాసమున వారు స్వర్గస్థులైరి. పదునొకండింటిలో ఒక్క పాట మాత్రము మిగిలినది. మా మరదలికి వాట్సాప్‌లో పంపియుంటిమి. ఆమె ఫోనులో ఏదియు తీసివేయు అలవాటు లేనిది. ఊడ్చిన ఇంట పోయిన సొత్తు ఊడ్వని ఇంట దొరకినది!

ఇందు తప్పు యాప్‌ది మాత్రమేయని మేము చెప్పము. దానికి తెలిసినది ఫైలు ఎంత పెద్దది, ఎన్నాళ్లుగా తెరువబడలేదు అను రెండు సంగతులే. ఆ కంఠము ఎవరిదో దానికి తెలియదు. తెలిసిన మేము కన్నులు మూసికొని మీట నొక్కితిమి.

అయినను ఈ యాప్‌ల వ్యవహారమును గూర్చి పాఠకులు కొన్ని సంగతులు తెలిసికొనుట మంచిది. ఇవి "చెత్త" అని చూపు దానిలో ఎక్కువ భాగము ఇతర యాప్‌లు త్వరగా పనిచేయుటకై దాచుకొను తాత్కాలిక నిల్వ. దీనిని క్యాష్ అందురు. మన గల్లాపెట్టెలోని క్యాషు కాదు. నేడు తుడిచినను ఆ యాప్‌లను వాడినకొలది అది మరల పేరుకొనును. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నాటినుండి బయటి యాప్ ఏదియు మరియొక యాప్ క్యాషును తనంత తాను తుడుచుటకు వీలులేదు. అందుచే కొన్ని క్లీనర్లు "యాక్సెసిబిలిటీ" అను అనుమతి అడుగును. చూపు మందగించినవారికిని, చేతులు స్వాధీనములో లేనివారికిని సహాయముగా ఏర్పడిన అనుమతి ఇది. దానిని పొందిన యాప్ మన తెరపైనున్నది చదువగలదు. మనకు బదులు మీటలు నొక్కగలదు. బ్యాంకు లెక్కలు, చెల్లింపులు అన్నియు జరుగు ఫోనులో అట్టి అధికారమును ముక్కుమొగము తెలియనివానికి ఇచ్చుట ఎట్టి సాహసమో వర్తకులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు.

పెద్ద పేరు గలదియే గదాయని నమ్ముటకును వీలులేదు. కోట్లాదిమంది దించుకొనిన క్లీన్ మాస్టర్ అను యాప్ సంగతి చూడుడు. దాని యజమానులైన చీతా మొబైల్ వారి యాప్‌లను, ప్రకటనల విషయమున నియమములు మీరినవని, 2020 ఫిబ్రవరిలో గూగుల్ తన ప్లే స్టోరునుండి తొలగించెను. అదే సంవత్సరము జూన్ 29న భారత ప్రభుత్వము దేశభద్రత దృష్ట్యా నిషేధించిన 59 యాప్‌లలో క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్, వైరస్ క్లీనర్ అనునవియు చేరియున్నవి. ఇంటిని శుభ్రము చేయుటకు వచ్చినవారే ఇన్ని వాకిళ్లు తెరువుమని ఏల అడుగవలెను అను ప్రశ్న మనమే వేసికొనవలసియున్నది.

"వృద్ధులకు సెట్టింగులు వెదకుట చేతగాదు, ఒక్క మీటతో పని తీరుచుండగా మీరేల వలదనుచున్నారు?" అని కొందరు మిత్రులు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. అన్ని క్లీనర్లును దుష్టములు కావు. 2017 డిసెంబరులో వచ్చి ఇప్పుడు ఫైల్స్ బై గూగుల్ అని పిలువబడు యాప్ ఏమేమి తీసివేయదలచినదో జాబితా చూపి మన అంగీకారము అడుగును. అనేక ఫోన్లలో కంపెనీవారి ఇట్టి ఏర్పాటు ముందుగనే కలదు. అట్టివానిని వాడుటకు మాకు అభ్యంతరము లేదు. మా అభ్యంతరమెల్ల జాబితా చదువక నొక్కు ఆ ఒక్క మీటను గూర్చియే.

మరి ఏమి చేయవలెను? మొదటిది, వాట్సాప్‌లోనే "స్టోరేజి నిర్వహణ" అను తావు కలదు. ఏ గ్రూపు ఎంత చోటు తినుచున్నదో, అయిదు ఎంబీలకు మించినవి ఏవో, పలుమారులు ఫార్వర్డైనవి ఏవో అది వేరుగా చూపును. ఫొటోలు, వీడియోలు తమంత తామే దిగు ఏర్పాటును ఆపివేసినచో సగము బాధ అంతటితో తీరును. రెండవది, క్యాష్ తుడువవలెనన్న ఫోను సెట్టింగులలో ఆ యాప్ పేరు నొక్కి తుడువవచ్చును. కాని దాని ప్రక్కనే "డేటా తుడుపు" అను మరియొక మీట ఉండును. అది నొక్కినచో ఆ యాప్‌లో దాచుకొనినదంతయు పోవును. రెండును ఒకటి కావు.

మూడవది, గూగుల్ ఫొటోస్‌లో భద్రమైనవని చెప్పుకొనువారు ఒక మాట గమనింపవలెను. 2021 జూన్ 1 నుండి అచ్చట అపరిమితమైన ఉచితపు చోటు లేదు. ఈమెయిలు మొదలగువానితో కలిపి 15 జీబీలు మాత్రమే ఉచితము. భద్రమైనవానిని ఫోనునుండి మాత్రము తీసి చోటు చేయు మీట వేరు, ఫొటోనే తొలగించు మీట వేరు. రెండవది నొక్కినచో అచ్చటను పోవును. కొన్నాళ్లు బుట్టలో ఉండును గాని ఆ గడువు దాటినచో తిరిగి రాదు.

కొత్త ఖాతా పుస్తకము తెరచునాడు పాత బాకీలను ఎక్కించుకొనిన పిమ్మటనే పాతపుస్తకమును అటక ఎక్కింతుము. ఫోను విషయమునను ధర్మమదియే. పోరానిదానిని ముందు కంప్యూటరులోనో, పెన్ డ్రైవులోనో, మరియొకరి ఫోనులోనో ఎక్కించి, తెరచి చూచుకొని, అటుపిమ్మట చీపురు పట్టవలెను.

చివరిగా ఒక్క మనవి. మన ఇండ్లలో తాతగారికి తెలుగు చదువ వచ్చును, ఇంగ్లీషు రాదు. మనుమనికి ఇంగ్లీషు, ఒడియా వచ్చును, తెలుగు అక్షరము రాదు. అనుమతి కోరు మాటలు ఇంగ్లీషులో వచ్చిన తాతగారు తెలియక "సరే" నొక్కుచున్నారు. ఫోను భాషను తెలుగునకు మార్చుకొను ఏర్పాటు కలదు. ఒక ఆదివారము మనుమడు ఆ మార్పు చేసి తాతగారి ప్రక్కన కూర్చుండును గాక. తాతగారు చదువుచుండగా వాడు మీటలు చూపవలెను; ఏ ఫొటోలోనున్నది ఎవరో, ఏ గొంతు ఎవరిదో వారు చెప్పవలెను. చెత్త తగ్గుటయే గాక, ఏది చెత్త కాదో వానికి తెలియును.

మా పెద్దమ్మగారి ఆ ఒక్క పాటను ఇప్పుడు మూడు చోట్ల దాచితిమి. తక్కిన పదింటిలో ఏదైనను ఎవరి ఫోనులోనైన మిగిలియున్నచో, ఊడ్చుటకు ముందు మాకు తెలియజేయగోరుచున్నాము.