పెద్దబాట విడిచిన చిన్న ఊరు

ప్రయాణము చేయువారు దారిలోని ఊళ్ళకు కొంత బాకీ పడుదురని మా యభిప్రాయము. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు సెలవు దినములలో ఆర్.వి. యను ఇంటిబండిని అద్దెకు తీసికొని దేశము చూడబోవుట నేడు సాధారణమైనది. మన విద్యార్థుల అన్నలు, అక్కలు, మేనమామలు ఎందరో అచ్చట నున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులును ఈ బండి యెక్కుచున్నారు. కావున ఈ విషయము మన పత్రికకు దూరమైనది కాదు.

ఆ బండిలో మంచము, పొయ్యి, నీళ్ళతొట్టి, స్నానపుగది అన్నియు నుండును. ఎచ్చట నిలిపిన అచ్చటనే ఇల్లు. సౌకర్యము గొప్పదే, కాని ఇల్లు వెంట నుండుటచే ఊరితో పని లేకుండ పోవును. పూర్వము బాటసారి ఆకలిగొని పూటకూళ్ళ యింటి తలుపు తట్టెడివాడు. ఆ తలుపు తట్టుటలోనే ఊరికి బ్రదుకు, బాటసారికి పరిచయము లభించెడివి. ఇంటిబండివాడు తన అద్దములో నుండి ఊరిని చూచి ఛాయాచిత్రము తీసికొని పోవును. ఊరికి మిగులునది దుమ్ము మాత్రమే.

అరిజోనా రాష్ట్రములోని సెలిగ్‌మన్ అను చిన్న ఊరి చరిత్ర ఇందులకు తగిన ఉదాహరణము. 1926వ సంవత్సరములో షికాగో నగరమునుండి పడమటి సముద్రతీరమునకు 66వ సంఖ్యగల రాజబాట యేర్పడెను. దాని పొడవు సుమారు 2,400 మైళ్ళు. 1930 తరువాత కరవులకు, ధూళితుపానులకు తాళలేక ఓక్లహోమా ప్రాంతపు రైతులు సామానులు బండ్ల కెత్తుకొని ఈ బాటనే కాలిఫోర్నియాకు వలస పోయిరి. స్టైన్‌బెక్ 1939లో ప్రకటించిన తన నవలలో దీనిని తల్లిబాట యని పేర్కొనెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట విహారయాత్రికులు పెరిగిరి. బాట ప్రక్కనున్న ఊళ్ళు పెట్రోలు బంకులతో, బసలతో, భోజనశాలలతో కళకళలాడెను.

1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కాలమున వచ్చిన చట్టముచే దేశమంతట వెడల్పైన క్రొత్త రహదారులు వేయ నారంభించిరి. పాతబాట ఇరుకైనది, ప్రమాదములకు పేరుపడినది. క్రొత్తబాట అవసరమే, దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని 1978 సెప్టెంబరు 22న క్రొత్త రహదారి సెలిగ్‌మన్ ప్రక్కనుండి సాగినప్పుడు, వాహనములు ఒక్కనాటిలో ఊరిని విడిచిపోయినవి. 1985లో పాతబాటకు ఆ సంఖ్యను సయితము తొలగించిరి.

అప్పుడు ఆ ఊరి క్షౌరకుడు ఏంజెల్ డెల్గడీలో ఊరకుండలేదు. మెక్సికో నుండి వచ్చిన కుటుంబమున, ఆ ఊరిలోనే 1927లో పుట్టినవాడు; తండ్రి వృత్తినే చేపట్టినవాడు. ఆయన ఇరుగుపొరుగువారిని కూర్చుకొని 1987లో ఒక సంఘమును స్థాపించి, పాతబాటకు చారిత్రక మార్గమను గౌరవ మీయవలెనని ప్రభుత్వమును కోరెను. ఆ యేడే సెలిగ్‌మన్ నుండి కింగ్‌మన్ వరకు గల భాగమునకు ఆ గౌరవము లభించెను. క్రమముగా యాత్రికులు మరల రాసాగిరి. ధనికుడు కాదు, అధికారి కాదు, కత్తెర పట్టినవాడు. ఊరిని నిలిపినది ఊరివారే యనుట కింతకంటె సాక్ష్యము వలదు.

మేము బంధువులతో కలసి ఈ ఊరికి పోయినప్పుడు బండి నడుపుచున్న మా బావగారు, "వంట మన వెంటనే యున్నది గదా, ఇచ్చట డబ్బు వెచ్చించుట యెందులకు?" అనిరి. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. శాకాహారులకు, పిల్లలు గలవారికి సొంత వంట సుఖము. "బావగారూ, భోజనము మనదే కానిండు, ఐస్‌క్రీము వారిది తినుదము" అంటిమి. ఏంజెల్ అన్నగారైన హువాన్ 1953లో రైల్వేవారి పాత కలపతో కట్టిన 'స్నో క్యాప్' అను చిన్న ఫలహారశాల కలదు. తలుపునకు రెండు పిడులు, అందొకటి ఉత్తుత్తిది. పిల్లలు దానిని పట్టుకొని లాగి లాగి నవ్విరి. హాస్యప్రియుడైన హువాన్ 2004లో గతించినను, ఆయన పిల్లలు ఆ దుకాణమును, ఆ హాస్యమును గూడ నడుపుచున్నారు. బావగారు రెండవ కప్పు అడిగిరని ఇచ్చట వ్రాయుట ఆయనకు నచ్చకపోవచ్చును!

పాతకార్లు, పాతబోర్డులు పెట్టి గతమును అమ్ముకొనుచున్నారని కొందరు ఎకసక్కెమాడుదురు. అమ్మువారు ఆ ఊరివారే యైనప్పుడు అందు తప్పేమియు మాకు కనబడదు. 2006లో వచ్చిన 'కార్స్' చలనచిత్రమునకు ఈ ఊరి కథయే ఒక ప్రేరణ. ఆ చిత్రము చూచిన బాలురు ఊరిని చూడవచ్చుట వింత కాదు.

అయితే గతమును తలచునప్పుడు సగము తలచుట మాత్రము మాకు సమ్మతము కాదు. ఆ బాట మంచికాలమని చెప్పుకొను దినములలో నల్లజాతి బాటసారులకు అనేక బసలలో చోటు దొరకెడిది కాదు. విక్టర్ గ్రీన్ అను ఆయన 1936 నుండి, వారిని ఆదరించు చోట్ల పట్టికను పుస్తకముగా ప్రకటింపవలసి వచ్చెను. సెలిగ్‌మన్‌కు పడమట పీచ్ స్ప్రింగ్స్ అను ఊరు వలపాయి జాతివారి ముఖ్యస్థానము. బాటకు సంఖ్య పడుటకు ఎన్నో తరములకు ముందునుండి వారాభూమిలో నున్నారు. వారి ఊరు దాటునప్పుడు బండి ఆపువారు తక్కువ. ఇచ్చట రంగుబోర్డులు లేవు గాబోలు!

ఇట్టి యాత్రకు పోవువారు పెద్దబాట దిగి, సెలిగ్‌మన్‌లో ఒక రాత్రి యుండుట మంచిది. బండి నిలుపుటకు స్థలములు కలవు. కాలినడకను వీథి చూడుడు, ఏదైన కొనుడు, దుకాణమువారితో మాటలాడుడు. కింగ్‌మన్ దాటిన పిమ్మట ఓట్‌మన్ వైపు పోవు కొండదారిలో నలుబది అడుగులకు మించిన బండ్లను పోనీయరు. మలుపులు మిక్కిలి ఇరుకు. పెద్ద ఇంటిబండి గలవారు దానిని కింగ్‌మన్‌లో విడిచి, చిన్నకారులో పోవలెను.