‘ఫస్టాఫ్ ల్యాగ్’ అన్నోళ్ళకు

‘గేమ్ ఓవర్’ గురించి మన కాలేజీలో ఎవరినడిగినా మూడు మాటల్లో ఒకటి వస్తుంది. ఫస్టాఫ్ ల్యాగ్. క్లైమాక్స్ కేక. ఎండింగ్ అర్థం కాలా. 2019 జూన్‌లో తెలుగు, తమిళం రెండింట్లోనూ వచ్చిన సినిమా ఇది. ఓటీటీల పుణ్యమా అని ప్రతి బ్యాచ్‌కూ కొత్తగా దొరుకుతోంది, ప్రతి బ్యాచ్‌లోనూ అవే మూడు మాటలు. కథ మొత్తం బయటపెట్టబోతున్నాను కాబట్టి చూడనోళ్ళు చూసొచ్చి చదవండి. రెండు గంటలు కూడా ఉండదు.

మర్చిపోయినోళ్ళ కోసం రెండు ముక్కలు. డైరెక్టర్ అశ్విన్ శరవణన్. అంతకుముందు నయనతారతో ఆయన తీసిన ‘మాయ’ మనకు ‘మయూరి’గా వచ్చింది. ఇందులో స్వప్న (తాప్సీ) వీడియో గేమ్‌లు తయారుచేసే అమ్మాయి. ఒక డిసెంబరు 31 రాత్రి ఆమె మీద అత్యాచారం జరిగింది. ఇప్పుడు పెద్ద ఇంట్లో, ఇంటిపని చూసుకునే కళమ్మతో (వినోదిని) ఉంటుంది. చీకట్లో ఉండలేదు. మళ్ళీ ఆ తేదీ దగ్గరికొస్తోంది. చేతి మీద పచ్చబొట్టు నొప్పి పెడుతుంటే పోయి అడుగుతుంది. హత్యకు గురైన ఇంకో అమ్మాయి చితాభస్మం పొరపాటున ఆ సిరాలో కలిసిందని తెలుస్తుంది. ఆఖర్లో ముసుగు హంతకులు ఇంటిమీదికి వస్తారు. గేమ్‌లో మూడు లైఫ్‌లు ఉన్నట్టు ఆమెకు మూడు అవకాశాలు దొరుకుతాయి.

ఆ మూడు లైఫ్‌లు కలా, ఆత్మ చేసిన సాయమా, టైమ్ లూపా? హాస్టల్లో దీనిమీద జరిగినంత చర్చ సిగ్నల్స్ పేపర్ మీద కూడా జరగలేదు. వైట్‌బోర్డు మీద ఫ్లోచార్టులు గీసినోళ్ళున్నారు. నాకూ సరదాగానే ఉండింది. కానీ గంటసేపటి చర్చలో స్వప్న పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేస్తే రెండు వేళ్ళు మిగిలిపోయినాయి. ‘అ!’ (2018) చూసినప్పుడూ ఇంతే. కాజల్ పాత్ర ఎందుకు అట్లయిందో ఎవరూ మాట్లాడలేదు. ట్విస్టు ముందే కనిపెట్టినామా లేదా అన్నదే పోటీ.

ఇక ల్యాగ్ సంగతి. మా లింగాల పక్కనుంచి వచ్చిన ఒక తమ్ముడు అన్న మాట ఇది: “రాత్రి ఒంటిగంటకు కరెంటొస్తే చీనీ చెట్లకు నీళ్ళు కట్టేదానికి నేనొక్కన్నే పోతా. చీకటికి భయపడేదేందక్కా ఆ యమ్మి?” వాడిది పొగరు కాదు. నిజంగా అర్థం కాక అడిగినాడు. తోటలో చీకటికి పాము భయం ఉంటుంది, టార్చ్ వేస్తే పోతుంది. స్వప్న భయపడే చీకటిలో ఒక తేదీ ఉంది. సినిమాలో డాక్టరు దానికి పేరు కూడా చెబుతాడు, యానివర్సరీ రియాక్షన్ అని. జరిగిన రోజు మళ్ళీ దగ్గరపడేకొద్దీ ఒళ్ళు ముందే గుర్తుపట్టి వణకడం. పీటీఎస్డీ అనే మాట అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి 1980లోనే ఎక్కింది. మన నోళ్ళలో మాత్రం ఇప్పటికీ ‘గాలి సోకింది’ లేకపోతే ‘ఓవర్ చేస్తాంది’. ఈ రెంటికీ మధ్య మాట లేదు. (మాట్లాడే మనిషి కావాలంటే టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.)

అందుకే ఫస్టాఫ్ నెమ్మదిగా ఉండటం నాకు తప్పుగా అనిపించలేదు. ఏమీ జరగని గదిలో ఒక మనిషి ఊపిరి ఆడక కొట్టుకోవడం చూపించాలంటే ఇంకెట్ల చూపిస్తారు? హంతకుడు తలుపు దగ్గరికి వచ్చినప్పుడు మనం సీటు అంచుకు వస్తాం, ఎందుకంటే భయం బయట కనిపిస్తోంది. అది లోపలున్నంతసేపు ఫోన్లు తీసినాం.

కాఫీ షాపు సీను దగ్గర కూడా కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు స్వప్నను గుర్తుపడతారు. ఎట్ల గుర్తుపట్టినారు? ఆమె వీడియో చూసినారు కాబట్టి. ఆ తర్వాతే ఆమె చచ్చిపోవాలనుకుని వీల్‌చైర్‌కు చేరుతుంది. హంతకులు రాకముందే ఆమెను చంపినంత పని చేసింది ఫార్వర్డ్ చేసినోళ్ళు. ఇది సినిమా కల్పన అనుకోవద్దు. 2015లో హైదరాబాదు ‘ప్రజ్వల’ సంస్థ నడిపే సునీతా కృష్ణన్, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల మీద సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. కోర్టు ఆ లేఖనే కేసుగా తీసుకుంది. అట్లాంటి వీడియో పంపినోడికి ఐటీ చట్టం 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. ఈ సీన్ గురించి మాత్రం ఏ గ్రూపులోనూ థియరీ రాలేదు.

మనకు అలవాటైన దారి వేరే. ‘చంద్రముఖి’ (2005)లో రజనీకాంత్ డాక్టరే, కానీ వైద్యం జరిగేది గాలి వదిలించే తంతు వేషంలో. అందుకే ఊర్లో అవ్వల నుంచి పిల్లోళ్ళ దాకా అందరికీ ఎక్కింది. చంద్రముఖికి ఏమైందని అడగండి, ఎవరైనా చెబుతారు. గంగ మనసులో అది ఎట్ల మొదలైందని అడగండి, నీళ్ళు నములుతారు. నాకు ఆ సినిమా ఇష్టమే, టీవీలో వస్తే కదలను. కానీ ‘గేమ్ ఓవర్’ను అదే కొలతతో కొలిచి “దెయ్యం సరిగ్గా కనపడలా” అంటే మాత్రం ఒప్పుకోను.

అట్లని దీన్ని నెత్తిన పెట్టుకోను. ఆ హంతకులు ఎవరో, ఎందుకు చంపుతారో సినిమా పట్టించుకోదు. అది ఒక లోపం. అంతకంటే పెద్దది క్లైమాక్స్. మా ఫ్లోర్‌లో అమ్మాయిలు ఈలలు వేసింది అక్కడే, నేనూ వేసినా. తర్వాత ఆలోచిస్తే మింగుడుపడలేదు. దెబ్బతిన్న అమ్మాయి కోలుకుందని మనం నమ్మాలంటే వీల్‌చైర్‌లో కూర్చుని హంతకులను చంపి చూపించాలా? చంపలేకపోతే? రెండో లైఫ్ దగ్గరే ఆగిపోతే ఆమె బలహీనురాలా? దీనికి మా రూమ్మేట్ సమాధానం: “అది గేమ్ భాష, నువ్వు కౌన్సెలింగ్ భాషలో చదువుతాండావు.” ఆ మాటలో కొంత న్యాయముంది. కానీ తొంభై నిమిషాలు ఆమె భయాన్ని అంత శ్రద్ధగా చూపించిన సినిమా చివరి పది నిమిషాలు ఆమెను హీరోగా మార్చి చేతులు దులుపుకుందన్నది నా గట్టి అభిప్రాయం.

సంక్రాంతి సెలవుల్లో లింగాలలో మా అమ్మకు లాప్‌టాప్‌లో ఈ సినిమా వేసినా. మూడు లైఫ్‌ల గోల ఆమెకు పట్టలేదు, కల అనుకుందో ఏమో అడగను కూడా అడగలేదు. సినిమా అంతా కళమ్మనే చూసింది. “పెట్టిన అన్నం తినకపోయినా కసురుకోదు సూడు. కడుపున పుట్టిన పిల్ల కూడా కాదు, అయినా ఇడిసిపెట్టి పోలా,” అంది. నేను ఎదురుచూసిన చోట ఉలిక్కిపడలేదు. కాఫీ షాపు దగ్గర మాత్రం “థూ నాయాండ్లు” అని గట్టిగానే అంది. పేర్లు పడుతుంటే నావైపు తిరిగి, “మళ్ళా సంవచ్చరం డిసెంబరొస్తే ఆ పిల్ల ఎట్లుంటుందో? కళమ్మ అప్పటికి ఉంటాదా?” అని అడిగింది. సినిమా ఆ రాత్రితోనే అయిపోతుందని చెప్పినా.