నీటి లెక్క తేలనప్పుడు

ఇంజనీరింగు చదివే బిడ్డలు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు. వారిలో సివిల్, మెకానికల్ విద్యార్థులకు సాధారణంగా రెండవ సంవత్సరములో ఫ్లూయిడ్ మెకానిక్స్ ఎదురవుతుంది. ఇంటర్మీడియట్‌లో లెక్కలు బాగా చేసినవారు కూడా ఇక్కడ తడబడుతుంటారు. పరీక్ష తప్పిన బిడ్డ కంచం ముందు తల వంచుకొని కూర్చున్నప్పుడు, "ఇంత డబ్బు పోసి చదివిస్తుంటే" అని మొదలుపెట్టే ముందు, ఆ చదువు ఎటువంటిదో తల్లిదండ్రులు కొంత తెలుసుకొనుట మంచిది.

ఇనుప దూలము పెట్టినచోటనే ఉంటుంది గనుక దానిపై పడే బరువును బొమ్మ గీసి చూపవచ్చును. నీరు అలా నిలువదు. ఈ క్షణమున గొట్టములో ఉన్న నీరు మరుక్షణమున ఉండదు. అందుచేత విద్యార్థి నీటి వెంట పరుగెత్తడు. గొట్టములో కొంత భాగమును గీతతో చుట్టి, లోపలికి వచ్చేదెంత, బయటికి పోయేదెంత అని లెక్క కడతాడు. ఈ ఒక్క మార్పు మనసుకు పట్టడానికే కొందరికి నెలలు పడుతుంది.

ఈ విషయములో పెద్దలు కూడా చిక్కుపడ్డారు. 1752లో ఫ్రెంచి గణితజ్ఞుడు డాలంబెర్ లెక్కించగా, జిగట లేని ద్రవములో ఒకే వేగముతో సాగే వస్తువుకు ఎదురు బలమే ఉండదని తేలింది. తెడ్డు వేసిన ఏ పడవవానికైనా అది నిజము కాదని తెలుసు! చిక్కు ఎక్కడున్నదో 1904లో జర్మనీకి చెందిన ప్రాంట్ల్ చూపించాడు. వస్తువును అంటిపెట్టుకొని ఉండే పలుచని పొరలో నీటి జిగటను విడిచిపెట్టరాదని ఆయన వివరించాడు. మధ్యలో 152 సంవత్సరాలు గడిచాయి. మహామహులే అంతకాలము తడుముకొన్న చోట మన బిడ్డ ఒక సెమిస్టరు ఆగిపోతే, వాడు మొద్దు అని తీర్పు తీర్చవచ్చునా?

యౌవనస్థులారా, మీతో కూడ ఒక మాట. సూత్రములు కంఠస్థము చేసి గట్టెక్కాలని చూడకండి. బెర్నౌలీ సూత్రము వాడే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ప్రవాహము కాలముతో మారకుండా ఉన్నదా? సాంద్రత మారడము లేదా? రాపిడిని విడిచిపెట్టవచ్చునా? రెండు బిందువులు ఒకే ప్రవాహ రేఖపై ఉన్నవా? ఇవి అడగకుండా అంకెలు వేస్తే జవాబు వస్తుంది గాని అది నీటికి సంబంధించినది కాకపోవచ్చు.

ఇంటిలోనే చూచి నేర్చుకొనదగినవి ఎన్నో ఉన్నాయి. కుళాయి కొద్దిగా తిప్పితే ధార గాజు కడ్డీవలె నున్నగా దిగుతుంది, పూర్తిగా తిప్పితే చెదరుతుంది. ఆర్పిన కొవ్వొత్తి పొగ కొంత ఎత్తు తిన్నగా లేచి, తరువాత సుడులు తిరుగుతుంది. గాజు గొట్టములో రంగునీటి ధారను పంపి ఈ తేడాను 1883లో పరిశీలించి చెప్పినవాడు రేనాల్డ్స్. గొట్టములలో ఆయన పేరిట ఉన్న సంఖ్య సుమారు 2000 దాటనంతవరకు ప్రవాహము పొరలు పొరలుగా సాగుతుంది. 25 మిల్లీమీటర్ల గొట్టములో నీరు సెకనుకు ఒక మీటరు చొప్పున పోతే ఆ సంఖ్య దాదాపు 25,000. అనగా మన ఇంటి గొట్టములో నీరు సాధారణంగా కలగాపులగముగానే పారుతున్నది! ఇలా ఒకసారి లెక్క కట్టి చూచినవారికి ఆ సూత్రము మరల మరపురాదు.

కాబట్టి తల్లిదండ్రులు బిడ్డను పక్కింటివారి అబ్బాయితో పోల్చక, "ఎక్కడ ఆగిపోయావు, బొమ్మ గీసి నాకు చెప్పు" అని అడగండి. మీకు అర్థము కాకపోయినా ఫరవాలేదు. మీకు చెప్పబోయేసరికి తనకు తెలియనిది ఎక్కడున్నదో వానికే కనబడుతుంది. ఆ చోటును రాసుకొని మరునాడు లెక్చరరును అడిగితే, సప్లిమెంటరీ పరీక్షకు సగము చదివినట్లే.