శాలువా కాదు, నెల ఖర్చు ఇద్దాం



ఉగాది సభలో మనం ప్లస్ టూ మార్కులకు బహుమతి ఇస్తాం, ఇంజనీరింగు సీటుకు శాలువా కప్పుతాం. తెలుగు ఎం.ఏ.లో చేరిన పిల్లకు చప్పట్లు కొడతాం. తర్వాత భోజనాల దగ్గర ఆ పిల్ల నాయనను పట్టుకొని "దీనికి ఉద్యోగం ఏమొస్తుందండీ?" అని అడిగేదీ మనమే.

అడగడం తప్పు కాదు. మేము జీతాల బిల్లులు రాసినవాళ్ళం, లెక్కే చూద్దాం. ఎం.ఏ. రెండేళ్ళు. తర్వాత నెట్ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది కొద్దిమందికే. మిగతావాళ్ళు ఇంటి డబ్బుతోనే నాలుగైదేళ్ళు పీహెచ్‌డీ చేయాలి. పట్టా చేతికొచ్చేసరికి వయసు ముప్పైకి వస్తుంది, దొరికేది గెస్ట్ లెక్చరర్ పని.

ఎందుకిట్లా? 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16కి పదో తరగతిని చేరింది. మాకు తమిళం మీద కోపం లేదు, మాకు చదువు చెప్పిన భాష అది. కానీ బడిలో తెలుగు తగ్గితే టీచరు పోస్టు పోతుంది, పోస్టు లేకపోతే కాలేజీలో తెలుగు తీసుకునేవాళ్ళు ఉండరు. బ్రాంచి లైను సంగతి రైల్వేలో చూశాం కదా: ముందు బండ్లు తగ్గిస్తారు, తర్వాత ప్రయాణికులు లేరంటారు.

పోతే పోనీ అందామా? తంజావూరు సరస్వతీ మహల్‌లో నాయకరాజుల కాలపు తెలుగు రచనలున్నాయి. మద్రాసు ఓరియంటల్ లైబ్రరీలో మెకంజీ, బ్రౌన్ సేకరించినవి ఉన్నాయి. వాటిని చదవడానికి పాత రాత, ఛందస్సు, కొంత సంస్కృతం తెలియాలి. ఈ నేల సంగతులు అర్థం కావాలంటే తమిళమూ రావాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన మన పిల్లలకంటే దీనికి తగినవాళ్ళెవరు?

అందుకని మా మాట ఇది. ఫ్లెక్సీలు, శాలువాలు తగ్గించి, పీహెచ్‌డీ చేసే ఒక్కరికి, ఒక్కరికైనా సరే, ఐదేళ్ళపాటు నెలనెలా హాస్టలు, మెస్సు, ప్రయాణ ఖర్చులు ఇద్దాం. ఏ విషయం మీద రాయాలో మనం చెప్పకూడదు. మన కులచరిత్ర రాయమని అసలే అడగకూడదు (ఎవరు అడుగుతారో మనకు తెలుసు). ఇది చేతకాకపోతే, వేదికెక్కి ఇంకొకరి బిడ్డకు "తెలుగు చదువమ్మా" అని చెప్పడం మానుకుందాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టమని కార్యదర్శిగారికి కాగితం ఇస్తున్నాం. సంతకం పెట్టదలచినవాళ్ళు ఆదివారంలోగా చెప్పండి.