చూడకుండా వ్రాసే 120/80

“కడుపుతో ఉన్నప్పుడు కాళ్ళకు నీరు దిగడం సహజమే” అన్న మాట ఎంతమంది తల్లులను బలిగొన్నదో లెక్కకట్టినవారు లేరు. మాట పూర్తిగా అసత్యమూ కాదు. చాలామందికి ఆ వాపు నిరపాయకరమే. కాని ఎవరికి నిరపాయకరమో కంటితో చూచి చెప్పగల వైద్యుడు లేడు. చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు కొలవాలి, మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయేమో పరీక్షించాలి. రెంటికీ కలిపి పది నిమిషాలు చాలు.

ఆ పది నిమిషాలకే మనకు తీరిక లేదు. గర్భిణుల కార్డులు తిరగవేస్తే నెలనెలా ఒకే అంకె కనబడుతుంది: 120/80. ఒకే మనిషికి ఉదయానికీ సాయంత్రానికీ పోటు మారుతుంది కదా! నెలల తరబడి చెక్కుచెదరని అంకెను చూచినప్పుడు ఎవరూ పట్టీ చుట్టలేదనే నేను భావిస్తాను. నర్సును నిందించడం సులభం. ఒక్క ఉదయాన పదులకొద్దీ గర్భిణులను ఆమెకు అప్పగించి, చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయించని అధికారులదే ఇందులో పెద్దపాలు.

ఇరవై వారాల తరువాత పోటు 140/90కి చేరితే జాగ్రత్తపడాలి. 160/110 దాటితే అత్యవసరం. మాయకు రక్తం తెచ్చే ధమనులు తగినంత వెడల్పు కాకపోవడం ఈ వ్యాధికి మూలం. దానివల్ల తల్లి రక్తనాళాల లోపొర దెబ్బతిని మూత్రపిండాలు, కాలేయం, మెదడు ప్రమాదంలో పడతాయి. ఉప్పు మానిపిస్తే ఇది తగ్గదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, డొక్క క్రింద నొప్పి వచ్చాక మూర్ఛలు రావచ్చు. అదే గుర్రపువాతం. దానిని గాలి సోకడమనుకొని తాయెత్తులకై పోగొట్టే గంటలు తల్లీబిడ్డలవి.

మెగ్నీషియం సల్ఫేట్ చవకైన మందు. 33 దేశాలలో 10,000 మందికి పైగా గర్భిణులపై జరిగిన పరిశోధన 2002లో వెలువడింది; ఈ మందుతో మూర్ఛల ముప్పు సగానికి పైగా తగ్గింది. శ్వాసను, మోకాలి ప్రతిక్రియను, మూత్రాన్ని గమనిస్తూ ఇవ్వవలసిన మందే, నిజమే. అయినా మొదటి మోతాదు సైతం ఇవ్వక “పెద్దాసుపత్రికి తీసుకుపొండి” అని చీటీ వ్రాసి చేతులు దులుపుకోవడాన్ని వైద్యమనలేను.

కాన్పుతో గండం గడిచిందనుకోవడం మరొక భ్రమ. ప్రసవమైన కొన్ని రోజులకు కూడా మూర్ఛలు రావచ్చు. బాలింత తలనొప్పిని చలిగాలికి అంటగట్టి తలకు గుడ్డ చుట్టేముందు పోటు చూపించండి. పట్టీ చుట్టకుండా అంకె వ్రాసిన కార్డును అందుకోకండి. కొలిచి, అంకెను పైకి చదివి వినిపించమని అడగండి.