ఎవరి పేర నున్నది వెబ్‌సైటు?

కంచెర్ల గోపన్న జన్మించిన నేలకొండపల్లి వంటి ఊళ్లలో సైతము, విత్తనముల కొట్టువారు గాని ఎండుమిర్చి వర్తకులు గాని వెబ్‌సైటు పెట్టించుకొని దూరపు గిరాకీని రాబట్టుకొనగల ఈ దినములలో, పాత హోస్టింగు సంస్థ ఏటేటా రుసుము పెంచుటవలననో, సైటు తెరచుకొనుటకు మితిమీరిన జాగు జరుగుటవలననో, వేరొక సంస్థకు మారవలసిన యవసరము కలుగుట సహజమే. మారుట తప్పు గాదు. అయితే మారబోవువాడు మొదట విచారింపవలసినది కొత్త సంస్థ చెప్పు ధరను గాదు. తన డొమైను ఎవరి పేర నమోదై యున్నదో ఆ సంగతిని.

సర్వరు అద్దెకొట్టు వంటిది, డొమైను దానిపై బోర్డు. సైటు చేసి యిచ్చిన కుఱ్ఱవాడు ఖమ్మములోనో హైదరాబాదులోనో కూర్చుండి, తన ఈమెయిలుతో, తన ఫోను నంబరుతో డొమైను కొని, వర్తకునికి బిల్లు మాత్రము పంపును. వర్తకుడును బోర్డుమీద తన దుకాణము పేరే కనబడుచున్నది గదా యని నిశ్చింతగా నుండును. బదిలీకి వలయు సంకేతపదము ఆ కుఱ్ఱవాని ఈమెయిలుకే వచ్చునని తెలియునప్పటి కాతడు ఊరును ఫోనును మార్చి యుండును. సర్కారు సొమ్ముతో రాముని గుడి కట్టించెనని తానాషా గోపన్నను గోల్కొండ చెఱలో పెట్టించెనని ప్రతీతి. ఇచట సొమ్ము వర్తకునిది, పేరు పరునిది, చెఱయు వర్తకునికే. 2005 నుండి డాట్ ఇన్ పేర్లు ఎల్లరకు సులభముగా లభించుచున్నవి. వాటి వ్యవహారము చూచు నిక్సి లెక్కలలో ఎవరి పేరున్నదో వారికే వాటిపై అధికారము గాని, బిల్లు కట్టినంతమాత్రమున రాదు. కుఱ్ఱవాడు ఫోనెత్తుచున్న కాలముననే ఈ పని చక్కబెట్టుకొనుట మేలు.

ఇక తరలింపులో తెలుగువారికి విశేషముగా దాపురించు ఆపద యొకటి కలదు. తెలుగు లిపికి యూనికోడులో 1991లోనే చోటు దొరకినను, మైఎస్‌క్యూఎల్ డేటాబేసు 2018లో 8.0 రూపము వెలువడువఱకు, విడిగా చెప్పనిదే అక్షరములను లాటిన్ పద్ధతిగానే యెంచుచుండెను. కావున పాత సర్వరునుండి ఎత్తి కొత్తదానిలో దించినపుడు, ‘తేజ మిర్చి’ యని యుండవలసిన చోట ఏ భాషకును చెందని పిచ్చిగుర్తులు గాని, ప్రశ్నార్థకముల వరుస గాని ప్రత్యక్షము కావచ్చును. గుర్తులైనచో నేర్పరి వానిని తరచుగా మరల తెలుగు చేయగలడు. ప్రశ్నార్థకములైనచో ఆ ప్రతిలో అక్షరము నశించినట్లే, పాత సర్వరులోని మూలమే దిక్కు. అందుచేతనే పాత ఖాతాను ఒక నెలయైనను నిలుపుకొనవలెనని నా వాదము. ఆ అద్దె దండుగ యనువారు, డొమైను పేరుతో నడచు ఈమెయిలు దారి మార్చుట మఱచి, గిరాకీదారుల ఉత్తరములు ఎచటికి పోవుచున్నవో తెలియక తికమకపడినవారిని చూడలేదు కాబోలు. లోకమందలి సర్వర్లు పాత చిరునామాను కొంతకాలము జ్ఞాపకముంచుకొనును గనుక, ఆ గడువును ముందునాడే ఐదు నిమిషములకు తగ్గించి, తరలించు రాత్రి ఆర్డర్లు ఆపనిచో, పాత సైటులో పడిన ఆర్డరు కొత్తదానిలో కనబడదు.

బ్యాకప్ హోస్టింగువారే చూచుకొందురను భరోసాయు చాలదు. 2021 మార్చి 10న ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు దగ్ధమైనపుడు లక్షలాది సైట్లు మూగవోయెను. బ్యాకప్పులును ఆ ప్రాంగణములోనే యుండుటచే కొందఱు రెంటికిని చెడిరి. తరలింపునకై ఎట్లును దించుకొన్న ప్రతిని, పని ముగియగనే చెరిపివేయక, కొట్టులోని కంప్యూటరులో నొకటి, ఇంట నొక డ్రైవులో నొకటి యుంచుకొనుటకు అదనపు ఖర్చేమంత కాదు.