పెరటి తీగయు పేటెంటు హక్కును

మద్యపానమును గూర్చి యీ పత్రిక యభిప్రాయము పాఠకులెఱుగనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై సాగించిన పోరాటమును మేము మఱువలేదు, మఱువబోము. అట్టి మేము నేడు బీరునకు చేదును వాసనను ఇచ్చు హాప్సు తీగను గూర్చి వ్రాయబూనుట కొందఱకు వింతగా తోచవచ్చును. త్రాగుడును మెచ్చుటకు మేము కలము పట్టలేదు. ఒక తీగ వేరుముక్కను తన పెరటిలో నాటుకొనుటకును, పొరుగువాడడిగినచో మఱియొక ముక్క త్రవ్వి యిచ్చుటకును మనుష్యునకు హక్కు గలదా లేదా యనునదే మా ప్రశ్న. ఆ ప్రశ్న త్రాగువానికిని త్రాగనివానికిని, వరి పండించువానికిని బంగాళాదుంప పండించువానికిని సమానముగా చెందును. దానికి హాప్సు తీగ కథకంటె స్పష్టమైన దృష్టాంతము మాకు కానరాలేదు.

హాప్సు గంజాయి కుటుంబమునకు చెందిన తీగ. ఐరోపా ఖండమున కంచెల ప్రక్కను ఏటిగట్లను తనంతట తానే పెరుగును. ఆడుతీగలు వేఱు, మగతీగలు వేఱు. ఆడుతీగ పూగుత్తుల రేకుల మొదళ్లలో పసుపువన్నె పొడి యుండును. ఆ పొడిలోని పదార్థములు, కాగుచున్న బార్లీరసమున గంటసేపు మరగినచో, బీరునకు చేదునిచ్చుటయే గాక దానిని చెఱచు సూక్ష్మజీవులను పెక్కింటిని అణచును. చివరి నిమిషములలో వేసిన గుత్తులు వాసన నిచ్చును. పదునెనిమిదవ శతాబ్ది చివర లండను వర్తకులు మన రేవులకు కుంపిణీ దొరల కొఱకు పంపిన బీరున హాప్సు దండిగా వేయుచుండుట యీ గుణముచేతనే. ఆ బీరు కాలక్రమమున మన దేశము పేరిటనే 'ఇండియా పేల్ ఏల్' అని ప్రసిద్ధికెక్కినది.

చలిదేశములలో దీనిని పెరటిలో పెంచుట కష్టము కాదు. వసంతారంభమున మొగ్గలు గల వేరుముక్కను నాటి, ఎత్తుగా త్రాడు కట్టిన చాలును. తీగ గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రాటిని చుట్టుకొనుచు ఇరువది యడుగులు ప్రాకును. మొదటి యేట వేరూరును. మూడవ యేటికి నిండుగా పూయును. శీతకాలమున పైతీగ చచ్చినను వేరు బ్రదికియుండి మరల చిగిర్చును. కోసిన గుత్తులలో నూటికి 80 పాళ్లవఱకు నీరుండును; దానిని 10 పాళ్లకు దింపి యెండబెట్టవలెను; లేనిచో బూజుపట్టును. పెరటి గుత్తి యెంత చేదో పరీక్షాలయము లేక తెలియదు గనుక, ఇంట బీరు కాచువారు చేదునకై కొన్న సరకును వాడి, తమ తీగ గుత్తులను వాసనకై చివర వేయుదురు. దీర్ఘమైన వేసవి పగళ్లును, నిద్రపుచ్చు చలియును దీనికి కావలెను; 35 మొదలు 55 అక్షాంశముల నడుమ నిది బాగుగా పండును. హిమాచలమున లాహౌల్ లోయలో దీనిని పండించియున్నారు గాని, మన కృష్ణా గోదావరి తీరములు దీనికి తగినవి కావు.

ఇంత సులభముగా దొరకు తీగ కనుకనే దానిచుట్టు అధికారము కంచెలు కట్టినది. హాప్సు వాడుక ప్రబలకముందు ఐరోపాలో పెక్కుచోట్ల బీరున 'గ్రూట్' అను మూలికల మిశ్రమమును వేయుచుండిరి. దానిని అమ్ము హక్కు ప్రభువుల చేతను మతాధిపతుల చేతను ఉండెను. హాప్సు వ్యాపించినకొలది ఆ గుత్తాధిపత్యము సడలెను. అంతట తీగమీదికే శాసనములు వచ్చెను. 1516లో బవేరియా ప్రభువులు బీరున బార్లీ, హాప్సు, నీరు తప్ప మఱేమియు వేయరాదని విధించిరి. ఇంగ్లాండున 1711లో పౌనునకు ఒక పెన్నీ చొప్పున హాప్సుపై సుంకము విధించి, వ్యాపారార్థము బీరు కాచువారు హాప్సునకు మాఱుగా వేఱు చేదు మూలికలను వాడరాదని నిషేధించిరి. అనగా ఖజానా నిండుటకై జనుల నాలుక రుచినే శాసించిరి! ఆ సుంకము 1862 వఱకు, నూట ఏబది యేండ్లు సాగినది. అమెరికాలో మద్యనిషేధము 1933లో తొలగినను, ఇంట బీరు కాచుకొనుటకు అనుమతి కార్టరు అధ్యక్షుడు 1978లో సంతకము చేసిన చట్టముతో గాని రాలేదు. సముద్రపుటొడ్డున పిడికెడు ఉప్పు తీసినందుకు చెఱసాలకేగిన జాతికి యీ కథ యర్థముకాకపోదు.

సుంకములు పోయినవి, క్రొత్త కంచె వచ్చినది. దాని పేరు పేటెంటు. 1916లో కెనడాలోని మానిటోబా ప్రాంతమున అడవిగా పెరిగిన ఒక హాప్సు తీగ ముక్క సముద్రము దాటి ఇంగ్లాండున వై కళాశాలకు చేరినది. ఆచార్య సామన్ దాని గింజలనుండి మొలకలెత్తించి, ఏరి, 1934లో 'బ్రూయర్స్ గోల్డు' అను రకమును లోకమున కిచ్చెను. ఆ యడవితీగను పంపినవారు ధర యడుగలేదు. అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 1972లో విడుదల చేసిన 'కాస్కేడు' సైతము సర్వజనులది. నేటికిని పెరటి పెంపకందార్లు దాని వేరుముక్కలను కొనుచు, పంచుకొనుచు నున్నారు. కాని 2010లో పేటెంటు పొందిన 'సిట్రా' సంగతి వేఱు. దాని పూగుత్తులను ఎవరైనను కొనవచ్చును. దాని వేరును పెరటిలో నాటరాదు. యజమానుల యనుమతి లేక ముక్కలు చేసి వ్యాపింపజేయుట నేరముగాకపోయినను హక్కుభంగమగును. ఆ సిట్రా వంశవృక్షమున బ్రూయర్స్ గోల్డును కలదు! అడవి యుచితముగా ఇచ్చెను, కళాశాల యుచితముగా ఇచ్చెను, తుదకు మనుమరాలికి మాత్రము తాళము పడెను.

న్యాయవాదులు గమనింపదగిన విశేష మొకటి యిందున్నది. వేళ్లచేతను కొమ్మలచేతను వ్యాపించు మొక్కలకు పేటెంటు నిచ్చు అమెరికా శాసనము 1930లో పుట్టినది. బంగాళాదుంపవంటి దుంపపంటలను దానినుండి మినహాయించిరి. ఏలయన దుంప ఆహారమును విత్తనమును తానే. తిను వస్తువును నాటుకొనరాదనుట ధర్మము కాదని ఆ శాసనకర్తలకు తోచియుండును. హాప్సు వేరును ఎవరును తినరు. కావున నది వలలో చిక్కినది.

పదేండ్లకు పైబడి శ్రమించి క్రొత్త రకమును పుట్టించినవానికి ప్రతిఫలము వలదా యని యడుగువారు కలరు. వలెననియే మేమందుము. అతని రకమును తన పేరిట వ్యాపారముగా అమ్ము పోటీదారుని అతడు నిరోధించుట న్యాయమే. కాని పెరటిలో రెండు తీగలు పెంచువానిని, పొరుగువానికి వేరు పంచువానిని, ఆ పోటీదారునితో ఒకే గాట కట్టుట న్యాయము కాదు. శ్రమకు కూలి యుండవలెను. జీవమునకు సంకెల యుండరాదు.

ఈ భేదమును మన చట్టము గుర్తించినది. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము 39వ సెక్షనున, రక్షణ పొందిన రకము విత్తనమునైనను రైతు దాచుకొనవచ్చును, విత్తవచ్చును, మరల విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును. వ్యాపారపు పేరు వేసి అమ్ముట మాత్రము కూడదు. అయినను 2019లో పెప్సీకో కంపెనీ తన బంగాళాదుంప రకమును పండించిరని గుజరాతు రైతులను కోర్టుకీడ్చినది. చిన్న రైతులు నలుగురినుండి ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా కోరినది. దేశమున అలజడి రేగగా ఆ యేడే మే నెలలో ఆ దావాలను విరమించుకొనినది. అమెరికా శాసనము సైతము వదలిపెట్టిన బంగాళాదుంపకు మన నేలమీద దావా! చట్టము పుస్తకమున నుండుట వేఱు, రైతు నోట నుండుట వేఱు అని దీనివలన తేలినది.

మన కాస్కేడు మన యింటనే యున్నది. బాపట్ల పరిశోధనాక్షేత్రము 1986లో విడుదల చేసిన బి.పి.టి. 5204, మన మందఱము ప్రీతితో తిను సాంబ మసూరి, ప్రజాధనముతో పుట్టి, రైతునుండి రైతునకు చేరి, ఆంధ్ర తెలంగాణములను దాటి వ్యాపించినది. దాని గింజను నాటుటకు ఎవనికిని ఎవని సెలవును అక్కఱలేకపోయెను. ఇట్టి రకములు ఇకముందును ప్రజల సొత్తుగానే పుట్టవలెనన్నచో ప్రభుత్వ పరిశోధనాక్షేత్రములకు ధనమును గౌరవమును తగ్గనీయరాదు.

ప్రతి గ్రంథాలయమునను ఆ 39వ సెక్షను తెలుగున వ్రాసి గోడకు కట్టవలెను. చదువనేర్చినవాడు చదువనేరనివానికి దానిని వినిపింపవలెను. ప్లీడర్లు రైతుసభలకేగి దానిని విడమర్చి చెప్పుట తమ వృత్తిధర్మములో భాగముగా నెంచవలెను. దూరదేశపు పెరటిలో నొక తీగకు పడిన తాళము మనకేల యని యూరకుండినచో, ఆ తాళపుచెవి పట్టినవాడు రేపు మన గాదె ముంగిట నిలుచును. అప్పుడు వెదకుటకంటె ఇప్పుడే మన హక్కును నోట నిలుపుకొనుట మేలు.